కాన్సాస్ బాస్కెట్‌బాల్: గొప్ప కోచ్ ఎవరు, గొప్ప ఆటగాడు ఎవరు?

లారెన్స్‌వాసి:

కొత్త సీజన్‌కు ఇంకా వ్యవధి ఉంది. ప్రతి వేసవిలోనూ ఇక్కడ అక్కడక్కడా రగులుకుని మధ్యలోనే చల్లారిపోయే వాదనను ఈసారి ఒకే చోట పద్ధతిగా సాగిద్దామని ఈ చర్చను ప్రారంభిస్తున్నాను. ప్రశ్నలు రెండు. కాన్సాస్ విశ్వవిద్యాలయం బాస్కెట్‌బాల్ జట్టుకు శిక్షణ ఇచ్చినవారిలో అగ్రస్థానం ఎవరిది? ఆ జట్టు తరఫున ఆడినవారిలో అందరికన్నా మిన్న ఎవరు? నియమం ఒక్కటే: కాన్సాస్‌లో ఉన్నప్పుడు చేసిందే లెక్కకు వస్తుంది. విల్ట్ ఛాంబర్లేన్ 1962లో వృత్తి క్రీడాకారుడిగా ఒకే మ్యాచ్‌లో చేసిన 100 పాయింట్లను గానీ, పాల్ పియర్స్ 2008లో బోస్టన్ తరఫున గెలిచిన టైటిల్‌ను గానీ, రాయ్ విలియమ్స్ ఇక్కడి నుంచి వెళ్లిపోయాక నార్త్ కరోలినాకు సాధించిపెట్టిన మూడు టైటిళ్లను గానీ దయచేసి తీసుకురావద్దు.

నా ఓటు కోచ్‌లలో ఫాగ్ ఆలెన్‌కు, ఆటగాళ్లలో డానీ మానింగ్‌కు. ఆలెన్ 1907 నుంచి 1909 వరకు ఒకసారి, 1919 నుంచి 1956 వరకు మరొకసారి ఇక్కడ పనిచేసి 590 విజయాలు సాధించారు, 1952లో ఎన్‌సీఏఏ (అమెరికా కాలేజీ క్రీడలను నడిపే సంస్థ) టైటిల్ తెచ్చారు. అయితే ఆయన్ను మొదట నిలబెట్టడానికి నాకు ఆ అంకెల అవసరం లేదు. ఈ ఆటను కనిపెట్టిన జేమ్స్ నైస్మిత్ 1898లో ఈ విశ్వవిద్యాలయం ఉన్న లారెన్స్ పట్టణానికి వచ్చి, కాన్సాస్‌కు తొలి కోచ్ అయ్యి, 55 మ్యాచ్‌లు గెలిచి 60 ఓడిపోయారు. గెలుపులకన్నా ఓటములు ఎక్కువగా ఉన్న కాన్సాస్ కోచ్ ఈ నాటికీ ఆయనొక్కరే. బాస్కెట్‌బాల్ ఆడుకోవలసిన ఆటే తప్ప ఒకరు నిలబడి నేర్పవలసిన ఆట కాదని ఆయన ఆలెన్‌తో అన్నారని చెప్పుకుంటారు. ఆలెన్ ఆ మాటను పెడచెవిన పెట్టారు కాబట్టే కోచ్ అనే వృత్తికి ఒక రూపం వచ్చింది. 1927లో కోచ్‌ల జాతీయ సంఘం ఏర్పడినప్పుడు ముందు నిలిచినదీ, 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌లో ఈ ఆటకు చోటు దక్కేదాకా పట్టు విడవనిదీ ఆయనే.

పాతలెక్కలు:

ఆలెన్ గారి పట్ల నాకూ గౌరవమే. అయినా లెక్కలు లెక్కలుగా చూద్దాం. 590 గెలుపులతో పాటు 219 ఓటములు ఉన్నాయి, అంటే దాదాపు 73 శాతం. రాయ్ విలియమ్స్ 1988 నుంచి 2003 వరకు పదిహేను సీజన్లలో 418 గెలిచి 101 ఓడిపోయారు, అది 80 శాతానికి పైన. లారీ బ్రౌన్ ఉన్నది ఐదు సీజన్లే. 135 గెలుపులు, 44 ఓటములు, ఒక టైటిల్. ఇక ఆలెన్ పేరు మీద ఎగరేసే మూడు టైటిల్ బ్యానర్లలో 1922, 1923 సంవత్సరాలవి హెల్మ్స్ ఫౌండేషన్ అనే సంస్థ చాలా ఏళ్ల తరువాత వెనక్కి చూసి ప్రకటించినవి. అప్పటికి ఎన్‌సీఏఏ టోర్నమెంటే లేదు, అది 1939లో మొదలైంది. టోర్నమెంట్ ఆడి నెగ్గిన టైటిల్ ఒక్కటే.

పైగా 590 అనే అంకె ఇప్పుడు రికార్డు కూడా కాదు. 2024 నవంబర్ 12న మిషిగన్ స్టేట్‌ను 77–69తో ఓడించిన రోజున, విలియమ్స్ తరువాత కోచ్‌గా వచ్చిన బిల్ సెల్ఫ్ ఆ గీతను దాటారు. ఆలెన్‌కు 39 సీజన్లు పట్టిన పని సెల్ఫ్ 22వ సీజన్‌లో ముగించారు. ఏడాదికి ఆడే మ్యాచ్‌ల సంఖ్య పెరిగిందన్న మాట నిజమే, దానికి తగ్గట్టు ప్రత్యర్థుల సత్తా కూడా పెరిగింది.

గోధుమచేను:

నా ఓటు సెల్ఫ్‌కే, రెండో ఆలోచన లేదు. కారణం 2008 ఏప్రిల్ 7. శాన్ ఆంటోనియోలో మెంఫిస్‌తో ఫైనల్; ఆట ముగియడానికి రెండు నిమిషాల పన్నెండు సెకన్లు ఉండగా మనం 51, వాళ్లు 60. అప్పుడు సెల్ఫ్ ఏం చేశారో జాగ్రత్తగా గమనించండి. బంతి వాళ్ల చేతుల్లో ఉంటే గడియారం కరిగిపోతుంది కాబట్టి, వాళ్లను కావాలనే ఫౌల్ చేయించి, ఎవరూ అడ్డుపడకుండా ఉచిత షాట్లు వేసే ఫ్రీ త్రో గీత దగ్గరకు పంపించారు. ఆ సీజన్ అంతా మెంఫిస్ జట్టుకు ఫ్రీ త్రోలే బలహీనత. మన షెరాన్ కాలిన్స్ బంతి లాక్కుని త్రీ పాయింటర్ (దూరం నుంచి మూడు పాయింట్లిచ్చే షాట్) వేశాడు, మెంఫిస్ ఆటగాళ్లు ఒకదాని తరువాత ఒకటిగా ఫ్రీ త్రోలు పోగొట్టుకున్నారు. చివరి పది సెకన్లలో కాలిన్స్ బంతితో పరిగెత్తుకొచ్చి, తూలిపోతూనే మారియో చామర్స్ చేతికి అందించాడు. 2.1 సెకన్లు మిగిలి ఉండగా చామర్స్ వేసిన త్రీ పాయింటర్‌తో స్కోరు 63–63 అయింది. ఓవర్‌టైమ్‌లో, అంటే అదనపు సమయంలో, 75–68తో గెలిచాం. దాన్ని అదృష్టం అనేవాళ్లు ఇక్కడ కొందరున్నారు. చివరి బంతి చామర్స్‌కే చేరాలన్న ఆ ఎత్తును ఆ జట్టు ఏడాది పొడవునా సాధన చేసింది.

2022 సంగతి సరేసరి. న్యూ ఆర్లియన్స్‌లో సగం ఆట ముగిసేసరికి 25–40తో వెనకబడి, చివరికి 72–69తో గెలిచాం. టైటిల్ ఫైనల్స్ చరిత్రలో అంత వెనకబడి గెలిచిన జట్టు మరొకటి లేదు. ఓవర్లాండ్ పార్క్‌లో మా మిత్రుడి ఇంట్లో తెలుగు కుటుంబాలన్నీ కలిసి ఆ మ్యాచ్ చూస్తూ ఉంటే, విరామ సమయంలో సగం మంది పిల్లల్ని తీసుకుని ఇళ్లకు బయలుదేరారు. వాళ్లతో ఇప్పటికీ ఆ మాట ఎత్తకుండా ఉండలేను.

టార్‌హీల్:

నేను నార్త్ కరోలినాలో చదువుకున్నవాణ్ణి, కాబట్టి ఇక్కడ పరాయివాణ్ణే. అయినా నిర్వాహకులు అనుమతిస్తే ఒక మాట చెబుతాను. మీరు వేరు వేరుగా ఓట్లు వేస్తున్న ఈ పేర్లన్నీ ఒకే గురుశిష్య పరంపరకు చెందినవి. నైస్మిత్ దగ్గర ఆలెన్ ఆడారు. ఆలెన్ దగ్గర డీన్ స్మిత్ ఆడారు, 1952లో టైటిల్ గెలిచిన కాన్సాస్ జట్టులో ఆయన బెంచ్ మీద కూర్చున్న ఆటగాడు. డీన్ స్మిత్ దగ్గర లారీ బ్రౌన్ ఆడారు, రాయ్ విలియమ్స్ సహాయకుడిగా పనిచేశారు. బ్రౌన్ కాన్సాస్‌లో ఉన్నప్పుడు, 1985–86లో, ఆయన దగ్గర చిన్న ఉద్యోగంలో చేరిన కుర్రవాడు బిల్ సెల్ఫ్. కోచ్‌గా కెంటకీ విశ్వవిద్యాలయం జట్టును ఏలిన అడాల్ఫ్ రప్ కూడా ఆలెన్ దగ్గర ఆడినవారే. ఒక కోచ్ గొప్పతనాన్ని ఆయన తయారుచేసిన కోచ్‌లను బట్టి కొలిచేటట్టయితే ఆలెన్‌కు పోటీ లేదు, అందుకే లారెన్స్‌వాసి గారి ఓటుతో నేను ఏకీభవిస్తున్నాను.

అయితే ఒక్క చమత్కారం చూడండి. 1957 ఫైనల్‌లో కాన్సాస్‌ను మా జట్టు ఓడించిన రోజున డీన్ స్మిత్ అక్కడే ఉన్నారు, తన పాత విశ్వవిద్యాలయమైన కాన్సాసే గెలవాలని కోరుకున్నారు. మరుసటి ఏడాదే ఆయన ఆ ఓడించిన కోచ్ ఫ్రాంక్ మెగ్వైర్ దగ్గర సహాయకుడిగా చేరారు. అటుపైన ఆయనే మా కోచ్ అయ్యారు, మిగతాది మీకు తెలుసు.

లారెన్స్‌వాసి:

టార్‌హీల్ గారికి స్వాగతం. మీరు పరాయివారు కారు. రాయ్ విలియమ్స్ పేరు వచ్చినప్పుడు మా వాళ్లు కాస్త పరుషంగా మాట్లాడితే మాత్రం మన్నించాలి.

పాతలెక్కలు గారికి సమాధానం: హెల్మ్స్ బ్యానర్ల విషయంలో మీతో వాదించను. గెలుపు శాతం మాటకు వస్తే మాత్రం ఒప్పుకోలేను. ఆలెన్ కాలంలో జట్టు రైళ్లలో తిరిగేది. కొన్నేళ్లు ఆయన ఈ జట్టుతో పాటు విశ్వవిద్యాలయం క్రీడా వ్యవహారాలన్నీ చూసుకునేవారు, దానికి తోడు ఎముకల వైద్యుడిగా ఆటగాళ్ల గాయాలకు తానే చికిత్స చేసేవారు. ఇవాళ్టి కోచ్‌కు ఆ పనులకు ఎంతమంది సిబ్బంది ఉన్నారో మీకు తెలియనిది కాదు.

పన్నెండోవాడు:

అంత గొప్ప ఆలెన్‌కు 70 ఏళ్లు నిండగానే 1956లో విశ్వవిద్యాలయం నిబంధన చూపించి బలవంతంగా విశ్రాంతి ఇచ్చిందని కూడా రాయండి. అది కూడా ఎప్పుడు? ఛాంబర్లేన్‌ను ఫిలడెల్ఫియా నుంచి లారెన్స్‌కు రప్పించింది ఆయన. ఆ రోజుల్లో మొదటి సంవత్సరం విద్యార్థులు ప్రధాన జట్టుకు ఆడకూడదు. ఆ ఏడాది ఛాంబర్లేన్ ఆడిన ప్రదర్శన మ్యాచ్‌లో మొదటి సంవత్సరం పిల్లలు ప్రధాన జట్టునే 81–71తో ఓడించారు, అందులో 42 పాయింట్లు అతనివే. ఆలెన్ ఏడాది పొడవునా దాన్ని చూసి, తన కోసం తెచ్చుకున్న ఆటగాణ్ణి డిక్ హార్ప్ చేతుల్లో పెట్టి ఇంటికి వెళ్లవలసి వచ్చింది. ఆయన పేరు పెట్టిన మన జట్టు సొంత క్రీడామందిరం ఆలెన్ ఫీల్డ్‌హౌస్‌ను అప్పటికి ఏడాది క్రితమే, 1955 మార్చి 1న ప్రారంభించారు.

నా ఓటు ఆటగాళ్లలో ఛాంబర్లేన్‌కు. కోచ్ ప్రశ్నకు తరువాత వస్తాను.

పాతలెక్కలు:

ఛాంబర్లేన్ అంకెలతో తగువు లేదు. రెండు సీజన్లలో మ్యాచ్‌కు సగటున 29.9 పాయింట్లు, 18.3 రిబౌండ్లు (బుట్టలో పడక వెనక్కి వచ్చిన బంతిని అందుకోవడం). 1956 డిసెంబర్ 3న నార్త్‌వెస్టర్న్‌తో ఆడిన తొలి మ్యాచ్‌లోనే 52 పాయింట్లు, 31 రిబౌండ్లు. అయినా ప్రశ్న ఒకటి మిగులుతుంది: అతను ఉన్న రెండేళ్లలో కాన్సాస్‌కు టైటిల్ రాలేదు, 1958లో జట్టు టోర్నమెంట్‌కే వెళ్లలేదు, నాలుగో ఏడాది ఆడకుండానే హార్లెం గ్లోబ్‌ట్రాటర్స్ అనే ప్రదర్శన జట్టులో చేరిపోయాడు. మరోవైపు లవలెట్‌ను చూడండి. 1952లో క్లైడ్ లవలెట్ దేశం మొత్తం మీద సగటున అందరికన్నా ఎక్కువ పాయింట్లు చేశాడు, అదే ఏడాది సియాటిల్‌లో జరిగిన ఫైనల్‌లో 33 పాయింట్లతో టైటిల్ కూడా గెలిపించాడు. ఆ రెండూ ఒకే సీజన్‌లో సాధించినవాడు కాలేజీ ఆట చరిత్రలో అతనొక్కడే. ఈ చర్చలో ఇప్పటిదాకా అతని పేరే రాలేదు.

పన్నెండోవాడు:

టైటిల్ రాలేదనే మాట వినపడినప్పుడల్లా 1957 మార్చి 23 రాత్రి ఏం జరిగిందో వివరంగా చెప్పాలనిపిస్తుంది, ఎందుకంటే ఆ ఓటమిని ఛాంబర్లేన్ ఖాతాలో వేసేవాళ్లలో ఎక్కువమంది ఆ ఆట తీరు తెలియకుండా మాట్లాడతారు.

కాన్సాస్ సిటీలోని మునిసిపల్ ఆడిటోరియంలో ఫైనల్. నార్త్ కరోలినా ఆ సీజన్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఓడలేదు. ముందు రోజు రాత్రే మిషిగన్ స్టేట్‌తో మూడు ఓవర్‌టైమ్‌లు ఆడి గెలిచి వచ్చింది. ఆట మొదలయ్యేటప్పుడు బంతిని గాల్లోకి ఎగరేసే చోట ఏడడుగుల ఛాంబర్లేన్‌కు ఎదురుగా మెగ్వైర్ తన జట్టులో అందరికన్నా పొట్టివాడైన, ఆరడుగులు కూడా లేని టామీ కెర్న్స్‌ను నిలబెట్టాడు. బంతి ఎలాగూ దక్కదు కాబట్టి కనీసం ప్రత్యర్థి మనసునైనా చెదరగొడదామని ఆయన ఆలోచన. ఆ తరువాత ఆట పొడవునా ఛాంబర్లేన్ ముందు ఒకరు, వెనక ఒకరు, పక్కన ఇంకొకరు. షాట్ క్లాక్ అనేదే లేని కాలం కాబట్టి బంతిని ఎంతసేపైనా చేతుల్లోనే ఉంచుకోవచ్చు. నిర్ణీత సమయం ముగిసేసరికి 46–46, మొదటి ఓవర్‌టైమ్ తరువాత 48–48, రెండో ఓవర్‌టైమ్‌లో ఇరు జట్లూ ఒక్క పాయింటు కూడా చేయలేదు. మూడో ఓవర్‌టైమ్‌లో ఆరు సెకన్లు ఉండగా జో క్విగ్ రెండు ఫ్రీ త్రోలు వేయడంతో 54–53. చివరి క్షణంలో ఛాంబర్లేన్‌కు ఎత్తి పంపిన బంతిని కూడా ఆ క్విగ్ చేతే అడ్డుకుంది. ముగ్గురి మధ్య చిక్కుకుని కూడా 23 పాయింట్లు, 14 రిబౌండ్లు చేసిన ఛాంబర్లేన్‌నే, ఓడిన జట్టులో ఉన్నా, టోర్నమెంట్‌లో ఉత్తమ ఆటగాడిగా ఎంపిక చేశారు. మిగతా నలుగురూ ఖాళీగా దొరికిన అవకాశాలను బుట్టలో వేయలేకపోతే అతను ఏం చేయగలడు?

ఆ ఫైనల్‌కు వారం ముందు డల్లాస్‌లో జరిగిన మ్యాచ్‌లను కూడా కలిపి చూడాలి. నల్లజాతి ఆటగాళ్లకు గదులు ఇచ్చే హోటల్ లేక జట్టంతా ఊరి వెలుపల బస చేసింది, గ్యాలరీల నుంచి జాతి దూషణలూ చేతికందిన వస్తువులూ వచ్చి పడ్డాయి. లారెన్స్‌లోనూ, చుట్టుపక్కల ఊళ్లలోనూ తనను లోపలికి రానివ్వని భోజనశాలల్లోకి ఛాంబర్లేన్ కావాలనే వెళ్లి కూర్చునేవాడు. 1998 జనవరి 17న అతని జెర్సీని ఫీల్డ్‌హౌస్ పైకప్పు కింద ఎగరేసినప్పుడు విద్యార్థిగా తొడుక్కున్న పాత జాకెట్‌తోనే వచ్చాడు, ఆ 54–53 తనను నలభై ఏళ్లు వెంటాడిందని ఆ రోజు అందరి ముందూ చెప్పుకున్నాడు. ఆ మాట తరువాత కూడా అతను లారెన్స్‌ను పట్టించుకోలేదని రాసేవాళ్లను చూస్తే నాకు విసుగు వస్తుంది.

టార్‌హీల్:

మా వైపు నుంచి ఆ మ్యాచ్‌ను ఇంత న్యాయంగా చెప్పినవారు తక్కువ. ఒక్క సవరణ: మా జట్టులో లెనీ రోజెన్‌బ్లూత్ 20 పాయింట్లు చేసి ఐదు ఫౌళ్లతో బయటికి వెళ్లిపోయాడు, ఆ తరువాతి ఆటంతా మేము అతను లేకుండానే నెట్టుకొచ్చాం. మావాళ్లకూ కొంత మార్కు ఇవ్వండి.

విచిత నుంచి:

ఇంతమంది ఇన్ని అంకెలు రాశారు. కాన్సాస్ విశ్వవిద్యాలయం తరఫున అత్యధిక పాయింట్లు చేసినవారు ఎవరు అని అడిగితే అందరూ మానింగ్ అంటారు, అతనివి 2,951. మా ఊరి నుంచి వెళ్లిన లినెట్ వుడార్డ్ 1977 నుంచి 1981 వరకు నాలుగేళ్లలో చేసినవి 3,649. ఇది మహిళల ఆట కదా అని పక్కన పెట్టేవారి కోసం ఇంకో రెండు విషయాలు రాస్తున్నాను. అప్పటికి మహిళలకు చిన్న బంతి రాలేదు, పురుషులు ఆడే బంతితోనే ఆడేవారు. త్రీ పాయింటర్ గీత కూడా లేదు. ఆ కాలంలో మహిళల క్రీడలు ఎన్‌సీఏఏ ఆధీనంలో లేనందున, ఆ పాయింట్లను ఆ సంస్థ తన రికార్డు పుస్తకంలోకి తీసుకోలేదు. 2024 ఫిబ్రవరిలో అయోవా అమ్మాయి కైట్లిన్ క్లార్క్ 3,649 దాటినప్పుడు గానీ దేశానికి వుడార్డ్ పేరు మళ్లీ గుర్తు రాలేదు.

లాస్ ఏంజెలస్ ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచిన అమెరికా జట్టుకు ఆమె సారథి, 1985లో గ్లోబ్‌ట్రాటర్స్‌లో చేరిన తొలి మహిళ. ఇవి నియమం ప్రకారం లెక్కలోకి రావని తెలుసు కాబట్టి పక్కన పెడుతున్నాను. లెక్కలోకి వచ్చే 3,649 ఒక్కటే నాకు చాలు. కోచ్‌ల జాబితాలో కూడా 1973 నుంచి 2004 వరకు మహిళల జట్టును నడిపి 560 విజయాలు సాధించిన మేరియన్ వాషింగ్టన్ పేరు ఉండాలి. వుడార్డ్‌ను తీర్చిదిద్దినది ఆమె. నా రెండు ఓట్లూ వాళ్లిద్దరికే.

గోధుమచేను:

వుడార్డ్ విషయంలో ఎదురు చెప్పలేను, చెప్పను. ఆటగాళ్లలో నా ఓటు ఆమెకే. కోచ్ విషయంలో సెల్ఫ్ దగ్గరే ఉంటాను. 2005 నుంచి 2018 వరకు వరుసగా పద్నాలుగు సార్లు బిగ్ 12 లీగ్‌లో మొదటి స్థానంలో నిలవడం మరే కోచ్ చేయలేదు. యూసీఎల్ఏ వరుసగా పదమూడు సాధించి పెట్టిన రికార్డును అది దాటింది.

పాతలెక్కలు:

ఆ పద్నాలుగో ఏడాది గురించే మాట్లాడదాం. 2017–18లో అర్హత లేని ఆటగాణ్ణి ఆడించినందుకు 2023 అక్టోబర్‌లో కాన్సాస్ ఖాతా నుంచి 15 విజయాలు కొట్టివేశారు, ఆ ఏటి ఫైనల్ ఫోర్ (టోర్నమెంట్‌లో చివరికి మిగిలే నాలుగు జట్లు) బ్యానర్‌ను దించవలసి వచ్చింది. 2022–23 సీజన్ మొదట్లో విశ్వవిద్యాలయమే సెల్ఫ్‌ను నాలుగు మ్యాచ్‌లకు పక్కన పెట్టింది. బక్నెల్, బ్రాడ్లీ, నార్తర్న్ అయోవా, వీసీయూ వంటి చిన్న జట్ల చేతుల్లో ఓడిన సీజన్లు ఎన్నో మీకు గుర్తుండే ఉంటుంది. రెండు టైటిళ్లూ గొప్పవే, వాటి మధ్య పద్నాలుగేళ్ల దూరం ఉంది. అంతటి ఆటగాళ్లు చేతిలో ఉండి అంతకాలం పట్టడం నాకు ప్రశ్నార్థకమే.

అన్నట్టు, ఆ 2008లో మనతో ఓడిన మెంఫిస్ విజయాలను కూడా ఎన్‌సీఏఏ తరువాత కొట్టివేసింది. కాగితం మీద చూస్తే అసలు ఆ ఫైనల్‌కు ఎదుటి జట్టే రాలేదు.

గోధుమచేను:

నిబంధనల ఉల్లంఘన కొలబద్ద అయితే మీకు ఇష్టమైన లారీ బ్రౌన్ ఎక్కడ ఉంటారు? 1988లో టైటిల్ గెలిచిన కొన్ని వారాలకే ఆయన శాన్ ఆంటోనియో స్పర్స్ అనే వృత్తి జట్టుకు వెళ్లిపోయారు; ఆయన హయాంలో జరిగిన అతిక్రమణలకు కాన్సాస్‌ను 1989 టోర్నమెంట్‌లో అడుగు పెట్టనివ్వలేదు. టైటిల్ నిలబెట్టుకునే అవకాశమే లేకుండా పోయిన మొదటి విజేత మన జట్టే. మానింగ్‌ను కాన్సాస్‌కు రప్పించడానికి అతని తండ్రి ఎడ్ మానింగ్‌కు సహాయ కోచ్ ఉద్యోగం ఇచ్చినప్పుడు కూడా చాలామంది ముక్కున వేలేసుకున్నారు. ఎడ్ మానింగ్ మాజీ వృత్తి ఆటగాడే, కాకపోతే అప్పటికి ఆయన లారీ నడుపుతున్నారు.

లారెన్స్‌వాసి:

మానింగ్ పేరు వచ్చింది కాబట్టి నా ఓటుకు కారణం చెప్పే సమయం వచ్చింది. 1988 జట్టు ఒంటి స్తంభం మేడ. సీజన్ మధ్యలో వాళ్లు 12 గెలిచి 8 ఓడిపోయిన స్థితిలో ఉన్నారు. గాయాలతో, ఇతర కారణాలతో ఆటగాళ్లు ఒక్కొక్కరే తగ్గిపోయారు. ఫీల్డ్‌హౌస్‌లో వరుసగా 55 విజయాల పరంపరను ఆ జనవరిలో పొరుగునే ఉన్న కాన్సాస్ స్టేట్ తెంచింది. టోర్నమెంట్‌కు ఆరో సీడ్‌గా (తమ విభాగంలో ఆరో ర్యాంకుతో) వెళ్లి, ఆ కాన్సాస్ స్టేట్‌ను, ఆ తరువాత డ్యూక్‌ను ఓడించి, సొంత జనం మధ్య కాన్సాస్ సిటీలో ఓక్లహోమాతో ఫైనల్ ఆడారు. ఆ ఓక్లహోమా అదే సీజన్‌లో మనల్ని రెండుసార్లు ఓడించింది. విరామానికి 50–50. ఓక్లహోమా వేగంతో పోటీ పడి అంతవరకు పరుగులు తీసిన జట్టును రెండో సగంలో బ్రౌన్ నెమ్మదింపజేశారు, ప్రతి దాడిలోనూ బంతి మానింగ్ చేతుల మీదుగా వెళ్లేట్టు చూశారు. మానింగ్‌వి 31 పాయింట్లు, 18 రిబౌండ్లు, ఐదు స్టీల్స్ (ప్రత్యర్థి నుంచి బంతి లాక్కోవడం). చివరి క్షణాల్లో గెలుపును ఖాయం చేసిన ఫ్రీ త్రోలు కూడా అతనివే. 83–79. పదకొండు మ్యాచ్‌లు ఓడిన జట్టు టైటిల్ గెలవడం అంతకు ముందు గానీ ఆ తరువాత గానీ జరగలేదు.

ఛాంబర్లేన్ అతనికన్నా బలవంతుడని ఒప్పుకుంటాను. మానింగ్ నాలుగేళ్లు ఇక్కడే ఉన్నాడు, ఏటేటా ఎదుగుతూ చివరి ఏడాదికి ఒక మామూలు జట్టును తన భుజాల మీద మోసుకెళ్లాడు. కాలేజీ ఆటగాడు అంటే నా దృష్టిలో అదే. తరువాత వృత్తి క్రీడలో పేరు తెచ్చుకున్న జోయెల్ ఎంబీడ్ ఇక్కడ ఆడింది 28 మ్యాచ్‌లే. అతన్ని మనవాడని చెప్పుకోవడానికి నాకు మొహమాటంగా ఉంటుంది.

టార్‌హీల్:

ఇక రాయ్ విలియమ్స్ సంగతి ఎవరూ పూర్తిగా మాట్లాడలేదు, నేను మాట్లాడితే పక్షపాతం అంటారు. అయినా చెబుతాను. అంతవరకు పేరు ప్రతిష్ఠలు లేని సహాయ కోచ్‌గా ఉండి, శిక్ష అనుభవిస్తున్న జట్టుకు ప్రధాన కోచ్‌గా వచ్చారు. మూడో ఏడాదికే 1991లో ఫైనల్‌కు తీసుకెళ్లారు; సెమీఫైనల్‌లో ఆయన ఓడించింది తన గురువు డీన్ స్మిత్‌నే, ఆ మ్యాచ్ చివర్లో రిఫరీలు స్మిత్‌ను బయటికి పంపారు కూడా. 1989 డిసెంబర్‌లో కెంటకీని 150–95తో చిత్తు చేశారు.

పాతలెక్కలు:

అవన్నీ సరే. 1997 జట్టు 34 గెలిచి రెండే ఓడింది, ఆ రెండోది ఆరిజోనా చేతుల్లో 85–82. జాక్ వాన్, రాఫ్ లాఫ్రెంజ్, పియర్స్ ఉన్న ఆ జట్టు కనీసం ఫైనల్ ఫోర్‌కు చేరలేదు. 2003 ఫైనల్‌లో సిరక్యూస్‌తో 81–78తో ఓడినప్పుడు మనవాళ్లు 30 ఫ్రీ త్రోలలో 12 మాత్రమే వేయగలిగారు. నిక్ కాలిసన్, కర్క్ హైన్రిక్ నాలుగేళ్లు కష్టపడినందుకు దక్కిన ఫలం అది. వారం తిరిగేసరికి కోచ్ నార్త్ కరోలినా విశ్వవిద్యాలయం ఉన్న చాపెల్‌హిల్‌కు వెళ్లిపోయారు. మూడేళ్ల ముందు, 2000లో, తాను ఎక్కడికీ వెళ్లనని ప్రకటించినప్పుడు ఆ మాట వినడానికి ఫుట్‌బాల్ స్టేడియంలో వేల మంది గుమిగూడారు.

అయినా పట్టుబట్టి చెబుతున్నాను: పదిహేనేళ్ల పాటు వారం వారం చూడదగ్గ ఆట ఆడించినది ఆయనే. టైటిల్ ఒక్కటే కొలత అయితే ఓటింగ్ ఎందుకు, బ్యానర్లు లెక్కపెట్టుకుంటే పోతుంది. నా ఓటు విలియమ్స్‌కు, లవలెట్‌కు.

లారెన్స్‌వాసి:

2008 సెమీఫైనల్‌లో విలియమ్స్ గారి నార్త్ కరోలినాను మనం 84–66తో ఓడించాం, ఒక దశలో స్కోరు 40–12. ఓడిన ఆయన రెండు రోజుల తరువాత మెంఫిస్‌తో మన ఫైనల్‌కు ప్రేక్షకుడిగా వచ్చి, ఛాతీ మీద మన జట్టు చిహ్నమైన జేహాక్ పక్షి బొమ్మ స్టిక్కర్ అంటించుకుని కూర్చున్నారు. అందుకు ఆయన్ను తిట్టినవాళ్లు నార్త్ కరోలినాలో ఉన్నారు, ఆయన్ను క్షమించినవాళ్లు లారెన్స్‌లో ఉన్నారు. రెండో కోవలో నేను ఉన్నాను, అయితే ఓటు వేసేంతగా కాదు.

పన్నెండోవాడు:

కోచ్ ఓటు బాకీ ఉన్నాను. టెడ్ ఓవెన్స్ పేరు ఎవరూ ఎత్తకపోవడం నాకు ఆశ్చర్యం. 1964 నుంచి 1983 వరకు 348 విజయాలు, 1971లోనూ 1974లోనూ ఫైనల్ ఫోర్. ఆలెన్‌కూ బ్రౌన్‌కూ మధ్య పడి మరుగున పడిపోయారు. ఆయన జాతకాన్ని తిప్పేసింది 1966 మార్చిలో ఒక్క క్షణం. టెక్సస్ వెస్టర్న్‌తో మ్యాచ్, మొదటి ఓవర్‌టైమ్ ముగిసే ఘడియలో జో జో వైట్ పక్క గీత వెంబడి నుంచి చాలా దూరపు షాట్ వేశాడు, బంతి బుట్టలో పడింది, మనవాళ్లు కోర్టు మీదికి దూకారు. రిఫరీ చెయ్యెత్తాడు: మడమ గీతను తాకిందట. బుట్ట చెల్లలేదు, రెండో ఓవర్‌టైమ్‌లో 81–80తో ఓడిపోయాం.

విచిత నుంచి:

ఆ బుట్ట చెల్లి ఉంటే, ఐదుగురు నల్లజాతి ఆటగాళ్లతో ఆట మొదలుపెట్టిన టెక్సస్ వెస్టర్న్ ఆ తరువాత ఫైనల్‌లో అడాల్ఫ్ రప్ కెంటకీని ఎదుర్కొనేదే కాదు. అప్పుడు మొత్తం తెల్లవారే ఉన్న కెంటకీ జట్టు ఓడింది 72–65తో. దక్షిణాదిలోని కాలేజీలు తమ తలుపులు తెరవడానికి ఆ ఫలితం ఎంత తోడ్పడిందో ఈ ఆట చరిత్ర తెలిసినవారికి వేరే చెప్పనక్కరలేదు. కాన్సాస్ అభిమానిగా ఆ మడమ గీతను తాకలేదని నేనూ అంటాను. అయినా ఆ రిఫరీ నిర్ణయాన్ని ఇప్పుడు మార్చే అధికారం నా చేతికి ఇస్తే, మార్చను.

పన్నెండోవాడు:

నేను మారుస్తాను. రప్‌ను ఓడించడానికి వైట్ ఉన్న మన జట్టు సరిపోయేది, ఆ జట్టులో నల్లజాతి ఆటగాళ్లకు కొదవ లేదు. నా కోచ్ ఓటు ఓవెన్స్‌కు రాసుకోండి.

లారెన్స్‌వాసి:

రాసుకున్నాను. ఇప్పటికి కోచ్‌లలో ఆలెన్‌కు రెండు, సెల్ఫ్, విలియమ్స్, వాషింగ్టన్, ఓవెన్స్‌లకు ఒక్కొక్కటి. ఆటగాళ్లలో వుడార్డ్‌కు రెండు, మానింగ్, ఛాంబర్లేన్, లవలెట్‌లకు ఒక్కొక్కటి. టార్‌హీల్ గారు ఆటగాళ్లలో ఇంకా ఎవరి పేరూ చెప్పలేదు.

టార్‌హీల్:

ఛాంబర్లేన్. అతణ్ణి ఆపడానికి మాకు ముగ్గురు మనుషులూ మూడు ఓవర్‌టైమ్‌లూ కావలసి వచ్చాయి.